యూరప్ కార్బన్ పన్ను: మా బావ రైటా, నేను రైటా?

నాగావళి ఒడ్డు (రాయగడ)
ఆదివారం, రాత్రి 9:40

ఇవాళ మజ్జిగౌరమ్మ గుడికెళ్ళి వస్తూ, స్టేషన్ బయట టీ తాగుతుంటే మొదలైంది మా బావకీ నాకూ. భోజనాల దగ్గర కూడా ఆగలేదు. "అన్నం చల్లారిపోతోంది, భూమి సంగతి తర్వాత చూద్దురు గాని" అని మా అక్క గదమాయిస్తే అప్పుడు ఆపాం. ఆపాం అంటే, నేను ఇక్కడికి పట్టుకొచ్చాను.

సంగతి ఇది. ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు లాంటివి బయటి దేశాల నుంచి తమ గడప దాటి లోపలికొస్తే, వాటి తయారీలో ఎంత పొగ వచ్చిందో లెక్కగట్టి ఆ మేరకి డబ్బు కట్టాలని యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. 2023 అక్టోబరు నుంచి ఉత్త లెక్కలు చూపిస్తే సరిపోయేది. 2026 జనవరి నుంచి వెళ్ళే సరుకుకి డబ్బే. మా బావ ఇక్కడి ఫ్యాక్టరీ ఒకదానికి లారీలు తిప్పుతాడు, కాబట్టి ఆయనకి కోపం వచ్చింది. "నూటయాభై ఏళ్ళు బొగ్గు కాల్చి మేడలు కట్టుకున్నారు. మొదటి బంతి నుంచి వాళ్ళే తిన్నారు. ఇప్పుడు ఆఖరి బంతిలో కూచున్నవాడి ముందు భోజనం బిల్లు పెడుతున్నారు" అంటాడు.

ఇందులో సగం నాకూ ఒప్పే. రెండో సగం దగ్గరే పేచీ. బావ ఈ మాట ఢిల్లీ తరఫున అంటున్నాడు. అదే మాట కొరాపుట్ తరఫున అనమంటే? ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో 1955లో కరెంటు పుట్టింది. ఆంధ్రకి 70 పాళ్ళు, ఒడిశాకి 30 పాళ్ళు అని రాసుకున్నారు, తర్వాత చెరి సగం అన్నారు. దాని కోసం కట్టిన జలాపుట్ ఆనకట్ట నీళ్ళలో మునిగిన ఊళ్ళకి ఎన్ని పాళ్ళు? ఆ గడే లేదు కాగితంలో. బలిమెల జలాశయం సంగతి ఇంకా చోద్యం. చిత్రకొండ దగ్గర ఆనకట్ట కడితే 151 ఊళ్ళు నీళ్ళ అవతల ఉండిపోయాయి. 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా వాళ్ళకి పడవే బస్సు.

ప్రపంచాన్ని మనం అడుగుతున్న ప్రశ్నే ఆ ఊళ్ళు మనల్ని అడిగితే ఏం చెప్తాం? పేద దేశం అంటే ఇంతకీ ఎవరు? చెప్పండి. బావ కూడా ఇక్కడ చదువుతుంటాడు, భాష జాగ్రత్త.

లెక్కల మాస్టారు (జయపురం)
ఆదివారం, రాత్రి 10:25

ముందు అంకెలు బల్ల మీద పెడదాం బాబూ, తర్వాత ఎవరి కడుపుమంట వాళ్ళది.

మనుషులు బొగ్గు, చమురు, గ్యాసు కాల్చడం మొదలెట్టినప్పటి నుంచి గాల్లోకి పోయిన బొగ్గుపులుసు వాయువులో పావు వంతు అమెరికా ఒక్కదానిదే. మనది నూటికి మూడు పాళ్ళ చిల్లర. ఇప్పటి లెక్క చూసినా, ఏడాదికి తలకి మనం వదిలేది సుమారు 2 టన్నులు, అమెరికావాడు 14. ప్రపంచ సగటు 5కి కాస్త తక్కువ. మొత్తం మీద చూస్తే మనం మూడో స్థానం, నిజమే. కాని అది తలలు ఎక్కువుండటం వల్ల.

1992లో రియోలో రాసుకున్న వాతావరణ ఒప్పందంలో దీనికి ఒక సూత్రం ఉంది. బాధ్యత అందరిదీ, కాని అందరికీ సమానం కాదు. 1997 క్యోటో ఒప్పందంలో ఆ సూత్రం ప్రకారం ధనిక దేశాలకే తగ్గింపు కోటాలు పెట్టారు. అమెరికా సంతకం పెట్టి ఆమోదించలేదు. కెనడా కొన్నాళ్ళుండి 2011లో తప్పుకుంటున్నానంది. 2009లో కోపెన్‌హాగెన్‌లో, 2020 కల్లా ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు పేద దేశాలకి సమకూరుస్తామన్నారు. ఆ అంకె దాటింది 2022లో. అదీ ఓఈసీడీ లెక్క, అంటే ఇచ్చేవాళ్ళ సంఘం రాసుకున్న పద్దు. అందులో ప్రభుత్వాల ద్వారా కదిలిన డబ్బులో మూడింట రెండొంతులు అప్పు.

ఒక సవరణ. అల్యూమినియం విషయంలో పొగంతా లెక్కపెడతారని చాలామంది అనుకుంటున్నారు. ఒక టన్ను అల్యూమినియం తియ్యడానికి దాదాపు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. బొగ్గు కరెంటయితే యూనిట్‌కి ఉరామరిగా కిలో వాయువు, అంటే టన్నుకి 14 టన్నులు. కాని యూరప్ చట్టం ప్రస్తుతానికి అల్యూమినియానికి ఫ్యాక్టరీ కొలిమిలో వచ్చే పొగనే లెక్కలోకి తీసుకుంటోంది, కరెంటు తాలూకు పొగని కాదు. రేపు అదీ కలిపితే అప్పుడు తెలుస్తుంది అసలు దెబ్బ. మీ బావగారికి ఇది చెప్పండి, రక్తపోటు తగ్గుతుందో పెరుగుతుందో చూడాలి.

వంశధార కుర్రాడు (ఊరు పర్లాకిమిడి, ఉంటున్నది వైజాగ్)
ఆదివారం, రాత్రి 11:10

మాస్టారూ, మీ తలసరి లెక్కతోనే నాకు పేచీ. నేనుండే అపార్ట్‌మెంట్లో ఇంటికి మూడు ఏసీలు. కింద సెల్లార్లో వాచ్‌మన్ కుటుంబం, ఒక ఫ్యాను, ఒక బల్బు. సగటు తీస్తే అందరం నిరుపేదలమే! ఆ వాచ్‌మన్‌ని ముందు నిలబెట్టి నా ఏసీకి మినహాయింపు అడుగుతోంది దేశం. నాకు సుఖంగానే ఉంది గాని, సిగ్గుగా కూడా ఉంది.

ఇంకోటి. "వాళ్ళు కట్టేదాకా మేం కదలం" అంటే నష్టం ఎవరికి? 1999 మహా తుపానులో ఒడిశాలో పదివేల మంది దాకా పోయారు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటితే లక్షల మందిని ముందే తరలించారు, చావులు పదుల్లో ఆగిపోయాయి. ఎవరి డబ్బు కోసమూ కూచోలేదు. షెల్టర్లు కట్టుకున్నాం, మైకులు పట్టుకున్నాం, బతికాం. కరెంటు విషయంలోనూ అంతే. 2030కి పెట్టుకున్న లక్ష్యం 2025లోనే అందుకున్నాం, స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కానిదే. సోలార్ చవకైపోయింది. ఇంకా ఈ పేదరికం పాట ఎందుకు?

లెక్కల మాస్టారు (జయపురం)
సోమవారం, ఉదయం 6:15

సామర్థ్యం వేరు, యూనిట్లు వేరు నాయనా. సోలార్ ప్యానెల్ పేరు హాజరుపట్టీలో ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, బడికొచ్చేది మాత్రం పగలే. దేశంలో పుట్టే యూనిట్లలో పదింట ఏడు వంతులు ఇప్పటికీ బొగ్గువే. రాత్రి ఎనిమిదికి మీ మూడు ఏసీలు తిరిగేది దాంతోనే.

షెల్టర్ల సంగతి కూడా తెలుసుకుని రాయాలి. ఒడిశా, ఆంధ్ర తీరాల్లో 2010 తర్వాత కట్టిన వాటిలో చాలా వాటి వెనక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది. వడ్డీ తక్కువే కావచ్చు, తీర్చాల్సింది మనమే. మన సొంత ఖర్చుతో మన ప్రాణాలు దక్కించుకున్నాం. అది గొప్పే. కాని ఆ ఖర్చు ఎవరి పద్దులో పడాలన్నదే కదా ఇక్కడ ప్రశ్న.

జీడితోట అమ్మ (గజపతి జిల్లా)
సోమవారం, ఉదయం 7:50

మాస్టారు గారూ, ఆ అప్పు మాట నేను చెప్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటింది, మా కొండల మీద కక్ష తీర్చుకుంది. మా జిల్లాలోనే బరఘర దగ్గర కొండ చరియ విరిగి పడి పదిమందికి పైగా పోయారు. మా ఎకరంన్నర జీడితోటలో నిలబడ్డ చెట్టు ఒక్కటి లేదు. అవి మా మామగారు వేసినవి. తెల్లారి చూస్తే తోట పక్కకి తిరిగి పడుకున్నట్టుంది.

పరిహారం కొంత వచ్చింది, రాలేదనను. చెట్టుకి ఇంత అని లెక్కగట్టారు. కాని జీడిమొక్క పెడితే మూడు నాలుగేళ్ళకి గింజ కనిపిస్తుంది, మంచి కాపు రావాలంటే ఏడెనిమిదేళ్ళు. ఈ నడిమి ఏళ్ళ లెక్క ఏ ఫారంలోనూ లేదు. మా ఆయన ఆ ఏళ్ళు చెన్నైలో మేస్త్రీ కింద పనిచేశాడు.

ఇప్పుడు మీరు చెప్తున్నారు, పెద్ద దేశాలు ఇచ్చేదాంట్లో ఎక్కువ అప్పే అని. నా గోడ కూలగొట్టినవాడు వచ్చి "గోడ కట్టుకో, నేను అప్పిస్తాను, వడ్డీ తక్కువేలే" అంటే మీ ఊళ్ళో ఏమంటారు? మా ఊళ్ళో అనే మాట ఇక్కడ రాయకూడదు.

వంశధార కుర్రాడు
సోమవారం, ఉదయం 8:30

పిన్నిగారూ, మీ మాటకి ఎదురు చెప్పను. నష్టానికి వేరే నిధి పెట్టారు, 2022లో ఈజిప్టులో ఒప్పుకున్నారు, 2023లో దుబాయ్‌లో మొదలెట్టారు. అన్ని దేశాలూ కలిసి ఇస్తామన్నది వంద కోట్ల డాలర్లకి కూడా చేరలేదు. 2022 వరదల్లో పాకిస్తాన్‌లో చాలా భాగం మునిగింది. ఆ ఒక్క దేశానికే చాలదు ఈ నిధి. ఇక గజపతి జిల్లా దాకా ఏం వస్తుంది? అందుకే అంటున్నాను, వాళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దని.

జీడితోట అమ్మ
సోమవారం, ఉదయం 8:41

ఆశ వేరు, బాకీ వేరు బాబూ. బాకీ వసూలు కాదని తెలిసినా పద్దు చింపెయ్యం కదా.

బొగ్గుబాయి బిడ్డ (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)
సోమవారం, మధ్యాహ్నం 2:20

అన్నలకు, అమ్మకు నమస్తె. మీది ఒడిశా పక్క, మాది మహారాష్ట్ర పక్క. బాధ ఒకటే అనిపించి రాస్తున్న. మా తాత కరీంనగర్ కెళ్ళి బొగ్గుబాయి పనికి వచ్చిండు. మా నాయిన భూమి లోపలికి దిగిండు. నేను ఓపెన్ కాస్టుల డంపర్ నడుపుత. చంద్రపూర్ థర్మల్ ప్లాంటు 2,920 మెగావాట్లు, మహారాష్ట్ర సర్కారు ప్లాంట్లల అన్నిటికంటే పెద్దది. బొగ్గు మాది, బూడిద మాది, ఎండకాలం 46, 47 డిగ్రీలు మాయే. కరెంటు ఏడేడికో పోతది.

బొగ్గు బందు చెయ్యాలె అని ఎవరన్నా అంటే నేను ఒకటే అడుగుత. జర్మనీల ఎట్ల చేసిన్రో మాకు గట్ల చేస్తరా? ఆడ 2038 కల్లా బొగ్గు బందు అని 2020ల చట్టం చేసిన్రు. బొగ్గు తవ్వే ఇలాకాలకు కొత్త పనులు, రైళ్ళు, కాలేజీలు పెట్టెతందుకు 4,000 కోట్ల యూరోలు పక్కకు పెట్టిన్రు. ఒక్క దేశంల కొన్ని జిల్లాలకు! అదే దక్షిణాఫ్రికాకు 2021ల పెద్ద దేశాలన్నీ కలిసి ఇస్తమన్నది 850 కోట్ల డాలర్లు, ఎక్కువ అప్పులే. ఆడ కొమాటి ప్లాంటు 2022 అక్టోబరుల బందు పెట్టిన్రు. 2025 మార్చిల అమెరికా మేం ఉండం పొండి అని బయటికి పోయింది. ప్లాంటు మల్ల చాలు కాదు, మాట ఇచ్చినోడు మల్ల రాడు.

గదే జర్మనీ 2023 జనవరిల లుట్జెరాట్ అనే ఊరిని పోలీసులను పెట్టి ఖాళీ చేపిచ్చింది. ఎందుకంటే కింద లిగ్నైట్ బొగ్గు ఉన్నది. ఇగ మాకు నీతి చెప్తరు.

ఇంకో మాట. మా కాడ పర్మినెంటోళ్ళకు బాయి బందయినా ఏదో దొరుకుతది. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద చేసెటోళ్ళు సగం మంది ఉంటరు, వాళ్ళ పేరు ఏ కాగితంల లేదు. పైసలు నిజంగనే వచ్చినా వాళ్ళ కాడికి రావు. రాయగడ అన్న చెప్పిన మాట గిదే కదా?

నిర్వాహకుడు
సోమవారం, సాయంత్రం 5:05

చైనా మీద, ఒక పార్టీ మీద వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను. చైనా గురించి మాట్లాడొద్దని కాదు. బూతులు లేకుండా మాట్లాడండి.

లారీ బావ (కొత్త సభ్యుడు)
సోమవారం, రాత్రి 8:55

ఏటిరా, ఇంట్లో తగువు నలుగురిలో పెట్టీసావు? సరే, నేనూ వచ్చీసాను. టైపు చెయ్యడం మీ మేనకోడలు, మాట నాది.

నువ్వు మంచి ప్రశ్నే వేసావు, కాదనను. మాచ్‌ఖండ్ పాపం మనదే. కాని ఆ ప్రశ్న ఎక్కడ వేస్తున్నావో చూసుకో. ఊరి పెద్దలు మన కుటుంబానికి పొలం బాకీ ఉన్నారనుకో. అడగడానికి అందరం కలిసి రచ్చబండ దగ్గరకి వెళ్ళాం. అక్కడ నువ్వు లేచి "మా అన్నయ్య మా తమ్ముడికి సరిగ్గా పెట్టడం లేదు" అన్నావు. పెద్దలకి పండగ. "ముందు మీ ఇంట్లో తేల్చుకుని రండి" అని లేచిపోతారు. ముప్పై ఏళ్ళుగా జరుగుతున్నది అదే. మీ దగ్గరా కోటీశ్వరులున్నారు కదా అంటారు, మీరూ ఎక్కువ కాలుస్తున్నారు కదా అంటారు, తమ పద్దు మాత్రం తియ్యరు.

2021లో గ్లాస్గో వాతావరణ సభలో ఏటయింది? బొగ్గు ఆపెయ్యాలని రాయబోతే మన మంత్రి పట్టుబట్టి "తగ్గించుకోవాలి" అని మార్పించాడు. ప్రపంచమంతా మనల్ని ఆడిపోసుకుంది. ఆ కాగితంలో చమురు మాట ఉందా? గ్యాసు మాట ఉందా? పేదోడి పొయ్యిలో ఉన్నదాని పేరే రాసారు, వాళ్ళ కార్లలో ఉన్నదాని పేరు రాయలేదు. అది రాయడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది, దుబాయ్‌లో, అదీ నసుగుతూ.

2024లో బాకూలో పేద దేశాలు ఏడాదికి లక్షా ముప్పై వేల కోట్ల డాలర్లు కావాలన్నాయి. 2035 నాటికి 30,000 కోట్లు చూస్తాం అన్నారు. సుత్తి కొట్టి సభ ముగించీసాక మన ప్రతినిధి చాందినీ రైనా లేచి ఇది ఒట్టి కనికట్టు అని చెప్పింది. ఆమె చెప్పే లోపే అయిపోయింది. అమెరికా పారిస్ ఒప్పందంలోంచి ఒకసారి పోయింది, 2021లో వచ్చింది, 2025లో మళ్ళీ పోతానంది. మన ఊళ్ళో చీటీపాటలో ఇలా చేస్తే రెండోసారి చేర్చుకుంటామా?

ఇంక యూరప్ పన్ను. పొగ తగ్గించడానికే అయితే ఆ డబ్బు మనకిచ్చి "కొలిమి మార్చుకోండి" అనాలి. అది యూరప్ ఖజానాలోకే పోతుంది. వాళ్ళ సొంత ఫ్యాక్టరీలకి పొగ వదలడానికి ఇన్నేళ్ళూ ఉచితంగా ఇచ్చిన పర్మిట్లు పూర్తిగా తీసీడానికి 2034 దాకా గడువు పెట్టుకున్నారు. వాళ్ళకి మెట్లు కట్టుకుని, మనల్ని గోడ దూకమంటున్నారు.

మీ వీధి చివర నుంచి కనిపిస్తుంది రైలు కట్ట. అటు కొత్తవలస నుంచి కిరందుల్ లైను గుర్తు తెచ్చుకో, అరకు, కొరాపుట్, జయపురం మీదుగా వెళ్తుంది. 1960ల్లో ఎందుకు వేసారు? బైలాడిలా ఇనుపరాయి వైజాగ్ రేవుకి తెచ్చి జపాన్ పంపడానికి. రాయి మన కొండది, ఉక్కు వాళ్ళది, ఆ ఉక్కుతో కట్టినదంతా వాళ్ళది. నేను లారీ తోలేవాణ్ణే గాని ఈమాత్రం తెలుసు.

నాగావళి ఒడ్డు
సోమవారం, రాత్రి 9:30

బావా, రచ్చబండ పోలిక బావుంది, నాకు తగిలింది. కాని మనం ఇంటి తగువు ఎప్పుడు తేల్చుకున్నాం, ఎక్కడ తేల్చుకున్నాం? "ముందు బయటివాడి సంగతి" అని డెబ్బై ఏళ్ళు గడిచాయి.

ఒక చిన్న ఉదాహరణ. 2010లో మన ప్రభుత్వమే బొగ్గు మీద టన్నుకి 50 రూపాయల సెస్సు వేసింది. శుభ్రమైన విద్యుత్తుకి ఖర్చు పెడతామంది. 2016కి అది 400 అయింది. మంచి ఆలోచన, ప్రపంచంలో చాలా దేశాల కంటే ముందు. 2017లో జీఎస్టీ రాగానే ఆ డబ్బుని రాష్ట్రాల ఆదాయ లోటు పూడ్చడానికి మళ్ళించారు. 2025 సెప్టెంబరులో సెస్సే తీసేసి జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు. ఆ 400 రూపాయల్లో బల్లార్‌పూర్ తమ్ముడి ఠేకేదారు కూలీకి ఒక్క రూపాయి వెళ్ళిందా? ఇది అమెరికా చేసిన పని కాదు.

లెక్కల మాస్టారు
సోమవారం, రాత్రి 9:58

ఈ మాట పట్టుకునే ఒక దారి ఉంది. యూరప్ చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. సరుకు పుట్టిన దేశంలోనే కార్బన్‌కి ధర కట్టి ఉంటే, ఆ మేరకి అక్కడ తగ్గిస్తారు. మన దేశంలో 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం నోటిఫై చేశారు, అంటే పొగ హద్దు దాటిన ఫ్యాక్టరీ, హద్దు లోపల ఉన్నదాని దగ్గర క్రెడిట్లు కొనుక్కోవాలి. 2025 అక్టోబరులో అల్యూమినియం, సిమెంటు, కాగితం, క్లోర్-ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్) ఫ్యాక్టరీలకి ఆ హద్దులు పెట్టారు. ఎలాగూ కట్టాల్సిన డబ్బు ఇక్కడే కట్టించుకుంటే యూరప్ ఖజానాకి పోకుండా ఇక్కడే ఉంటుంది. లారీ బావగారూ, మీరేమంటారు?

లారీ బావ
సోమవారం, రాత్రి 10:10

ఇక్కడే ఉంటుంది, నిజమే మాస్టారూ. ఇక్కడ అంటే ఎక్కడ? మా బామ్మర్ది ఇప్పుడే చెప్పాడు కదా 400 రూపాయల కథ. నా మీద నా మాటే తిప్పేస్తున్నారు ఇద్దరూ కలిసి.

లమతాపుట్ మనవడు (కొరాపుట్ జిల్లా)
మంగళవారం, ఉదయం 5:40

రెండు రోజులుగా చదువుతున్నాను. మీరంతా మాచ్‌ఖండ్ అంటున్నారు కాబట్టి చెప్తున్నాను, మాది ఆ మునిగిన వైపు కుటుంబం. తాతయ్య ఊరు నీళ్ళ కింద ఉంది. పైకి వచ్చి కట్టుకున్న ఊరి మీదుగా పెద్ద తీగలు వెళ్ళేవి, మాకు మాత్రం లాంతరు. వానాకాలం చినుకు పడితే తీగలు గుయ్ మనేవి. మా నాయనమ్మ అది విని "విశాఖపట్నం వాళ్ళు దీపాలు పెట్టుకుంటున్నారు" అనేది. ఎత్తిపొడుపేం కాదు, అలా గంట కొట్టినట్టు టైము చెప్పేది మాకు.

బావగారు చెప్పింది నాకు అర్థమైంది. రచ్చబండ దగ్గర ఇంటి గుట్టు విప్పకూడదు. కాని ఆ కుటుంబంలో తమ్ముడిని నేను. బాకీ వసూలు చేసుకొచ్చాక నాకు పెడతారని నమ్మకం ఏటి? ఇంతవరకు పెట్టిన దాఖలా లేదు కదా.

ఇప్పుడింకో కొత్త రకం మొదలైంది. బొగ్గు మానాలంటే విద్యుత్ కార్లు కావాలట, సోలార్ ప్యానెళ్ళకి చట్రాలు కావాలట, తీగలు కావాలట. అన్నిటికీ అల్యూమినియం. అల్యూమినియానికి బాక్సైట్. బాక్సైట్ మా కొండల మీద. దమన్‌జోడి నుంచి ఎన్నో ఏళ్ళుగా వెళ్తూనే ఉంది. నియమగిరిని సుప్రీంకోర్టు 2013లో పల్లీ సభలకి వదిలేస్తే, 12కి 12 ఊళ్ళూ వద్దన్నాయి. ఇప్పుడు సిజిమాలి కొండ మీద అదే గొడవ నడుస్తోంది. ముందు వాళ్ళ అభివృద్ధి కోసం కొండ ఇచ్చాం, ఇప్పుడు ఆ అభివృద్ధి వల్ల వచ్చిన జబ్బుకి మందు కోసం మళ్ళీ కొండే ఇవ్వాలి. నల్ల కరెంటయినా పచ్చ కరెంటయినా ముందు లేచిపోవాల్సింది మేమే.

నాది ఒక్కటే అడుగు. యూరప్ నుంచి గాని, అమెరికా నుంచి గాని, ఢిల్లీ నుంచి గాని డబ్బు వచ్చినప్పుడు కాగితంలో ఊరి పేరు రాయండి. దేశం పేరు, రాష్ట్రం పేరు కాదు, ఊరి పేరు.

వంశధార కుర్రాడు
మంగళవారం, ఉదయం 9:15

అన్నా, విశాఖపట్నం వాళ్ళ దీపాల కింద కూచునే ఇది చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు.

ఒక్క అనుమానం, వాదన కోసం కాదు. ఊరి పేరు రాస్తే పెద్ద దేశాలు దాన్నే సాకు చేసుకోవా? "మీ ఊరి లెక్కలు సరిగ్గా లేవు, ఆడిట్ కావాలి, అప్పటిదాకా ఆపుతాం" అని? ఇప్పటికే అంతర్జాతీయ నిధుల దరఖాస్తులు నింపడానికే సలహాదారుల్ని పెట్టుకోవాల్సి వస్తోంది చిన్న దేశాలు.

లెక్కల మాస్టారు
మంగళవారం, ఉదయం 9:50

సాకు చేసుకుంటారు. తప్పకుండా చేసుకుంటారు. 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, తప్పితే నష్టపరిహారం దాకా వెళ్ళొచ్చు అని అభిప్రాయం చెప్పింది. దాన్ని అక్కడిదాకా తీసుకెళ్ళింది వనువాటు, పసిఫిక్‌లో చిన్న ద్వీప దేశం. అంతా కలిపితే మన గుణుపురం సబ్‌డివిజన్ అంత జనం కూడా ఉండరేమో. వాళ్ళకున్న పట్టు మనకెందుకు లేదంటే, వాళ్ళు అడిగేటప్పుడు వెనక దాచుకోవాల్సింది తక్కువ. ఇది నా అభిప్రాయం. లెక్క కాదు.

బొగ్గుబాయి బిడ్డ
మంగళవారం, మధ్యాహ్నం 1:30

లమతాపుట్ తమ్మీ, ఊరి పేరుతోని పాటు ఠేకేదారు మనుషుల పేరు గూడ రాయమను. షిఫ్టుకు పోతున్న, రాత్రి చదువుత.

లారీ బావ
మంగళవారం, రాత్రి 9:05

లమతాపుట్ బాబూ, నేను మీ మీదకి వాదనకి రాలేదు. యూరప్ సంగతిలో నా మాట నాదే, దిగను. వాళ్ళు కట్టాలి, అప్పుగా కాదు, ముందుగా కట్టాలి. మీ ఊరి పేరు రాయమన్నారు, అదీ రాయాలి. రెండూ ఒకే కాగితంలో రాస్తే ఏ మూల చింపుతారో అని నా భయం, అంతే.

ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. మీ ఊరికి ఇంతకీ కరెంటు ఎప్పుడొచ్చింది?

లమతాపుట్ మనవడు
మంగళవారం, రాత్రి 9:32

2009లో. నేను తొమ్మిదో తరగతి. బల్బు వెలిగితే నాయనమ్మ చాలాసేపు కింద నిలబడి చూసి, "ఇది మనదేనా, వాళ్ళకి మిగిలిందా?" అని అడిగింది.

లారీ బావ
మంగళవారం, రాత్రి 9:40

బిల్లు ఎంతొచ్చేది?

లమతాపుట్ మనవడు
మంగళవారం, రాత్రి 9:44

మొదటిది ఎనభై చిల్లర. కాగితం మా ఊరు చేరేసరికే గడువు తేదీ దాటిపోయింది. లేటు ఫీజుతో కలిపి కట్టాం.